వెనక్కి పిలిచిన బండి మీదేనా?

బిచ్కుంద బస్టాండు దగ్గర కాసేపు నిలబడి, ఆగి ఉన్న కార్ల నంబరు ప్లేట్లు చదవండి. టీజీ 17, టీఎస్ 17 మన కామారెడ్డి జిల్లావి. ఏపీ 25 ఉమ్మడి నిజామాబాద్ జిల్లా కాలం నాటి పాత బండి. టీఎస్ 09 హైదరాబాద్ నుంచి వచ్చింది. ఎంహెచ్ 26 నాందేడ్‌ది, కేఏ 38 బీదర్‌ది. మూడు రాష్ట్రాలు దగ్గరపడే చోట ఉన్న ఊరు కాబట్టి పెళ్లి సంబంధాలు, వ్యాపారాలు, బండ్లు అటూ ఇటూ మారుతూనే ఉంటాయి. వీటిలో షోరూం నుంచి నేరుగా ఊళ్లోకి వచ్చినవి కొన్ని. పట్నంలో ఒకాయన నాలుగేళ్లు నడిపి కన్సల్టెన్సీలో పెడితే, బాన్సువాడలో ఇంకొకాయన కొని రెండేళ్లు వాడి, ఆయన చేతి నుంచి ఇక్కడికి చేరినవి ఎన్నో.

ఈ అధ్యాయం ఎవరు చదివినా పనికొస్తుంది గానీ, నేను రాస్తున్నది ముఖ్యంగా ఆ రెండో చేయి, మూడో చేయి బండి ఉన్నవాళ్ల కోసం. ఎందుకో చెబుతాను.

కారు తయారుచేసిన కంపెనీకి ఒక్కోసారి ఒక సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఏదో ఒక భాగం సరిగా తయారు కాలేదు, దానివల్ల ప్రాణాపాయం రావచ్చు అని తేలుతుంది. అప్పుడు ఆ భాగం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తయారైన బండ్లలో పడిందో లెక్క తీస్తారు. ఆ బండ్ల యజమానులకు ఫోన్ చేసి, మెసేజ్ పెట్టి, షోరూంకి తెమ్మంటారు. భాగాన్ని చూసి, అవసరమైతే మార్చి ఇస్తారు. పైసా తీసుకోరు. దీన్నే రీకాల్ అంటున్నాం.

మరి ఫోన్ ఎవరికి వెళ్తుంది? కంపెనీ దగ్గర రాసి ఉన్న నంబరుకు. ఆ నంబరు చాలాసార్లు బండిని మొదట కొన్నాయనది. ఆయన కూకట్‌పల్లిలోనో నాందేడ్‌లోనో ఉంటాడు. "ఆ బండి ఎప్పుడో అమ్మేసిన" అని ఫోన్ పెట్టేస్తాడు. ఎవరికి అమ్మాడో ఆయనకే సరిగా తెలియదు, మధ్యలో కన్సల్టెన్సీ వాళ్లున్నారు. అక్కడితో కబురు ఆగిపోతుంది. బండి మాత్రం పిట్లం దగ్గర హైవే ఎక్కి రోజూ తిరుగుతూనే ఉంటుంది. రీకాల్ గురించి మీరు ఒక్క సంగతే గుర్తుంచుకోవాలనుకుంటే అది ఇదే: మన వైపు కార్లకు కబురు దానంతట అది రాదు, మనమే వెళ్లి అడగాలి.

మన పాత జిల్లా కేంద్రంలోనే జరిగింది

"బండి మంచిగనే నడుస్తుంది గద, ఎందుకు తిప్పలు?" అని చాలామంది అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు 2022 ఏప్రిల్ గుర్తొస్తుంది. నిజామాబాద్‌లో ఒక ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని విప్పి లోపలికి తెచ్చి, రాత్రి చార్జింగ్ పెట్టి పడుకున్నారు. తెల్లవారకముందే అది పేలింది. ఆ గదిలో పడుకున్న 80 ఏళ్ల పెద్దాయన కాలిన గాయాలతో చనిపోయారు. మంటలు ఆర్పబోయిన ఇంటివాళ్లకూ గాయాలయ్యాయి. ఏడాదిగా రోజూ తిరుగుతున్న బండి అది. ముందురోజు దాకా దాన్ని చూసి ఎవరైనా మంచిగనే నడుస్తుందని చెప్పేవారు.

ఆ స్కూటర్ హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ తయారుచేసింది. ఘటన జరిగిన కొద్ది రోజులకే ఆ కంపెనీ ఈట్రాన్స్ ప్లస్, ఈప్లూటో 7జీ మోడళ్లలో 2,000 బండ్లను వెనక్కి పిలిచింది. నిజామాబాద్‌లో, చెన్నైలో జరిగిన ఘటనల వల్లే ఈ నిర్ణయమని చెప్పింది. అదే నెలలో ఒకినావా 3,215 స్కూటర్లను, ఓలా 1,441 స్కూటర్లను పిలిపించాయి. లోపమున్న బండ్లన్నీ వెనక్కి తెప్పిస్తామని, నిర్లక్ష్యం చేసిన కంపెనీలకు భారీ జరిమానా వేస్తామని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ అప్పుడే ప్రకటించారు. నిపుణుల కమిటీ వేశారు. ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసి 2022 డిసెంబరు, 2023 మార్చి నెలాఖరు నుంచి రెండు విడతలుగా అమలులోకి తెచ్చారు.

ఇది స్కూటర్ సంగతే అయినా కారు యజమాని నేర్చుకోవలసింది ఇందులో ఉంది. రీకాల్ అయ్యే లోపాలు చాలావరకు చప్పుడు చేయవు. బ్రేకు ప్యాడు అరిగితే కీచుమంటుంది, బేరింగ్ పోతే గుర్రుమంటుంది, సస్పెన్షన్ పోతే గుంతలో పడ్డప్పుడు తెలుస్తుంది. ఎయిర్‌బ్యాగు నడిపించే కంట్రోలర్‌లో లోపముంటే ఏ చప్పుడూ రాదు. గుద్దుకున్న క్షణంలో బ్యాగు తెరుచుకోనప్పుడే తెలుస్తుంది. మన షెడ్డు మేస్త్రీ ఎంత చేయి తిరిగినవాడైనా, ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పగలవాడైనా, ఫలానా నెలలో ఫలానా ఫ్యాక్టరీలో ఫలానా సరుకుతో చేసిన భాగం బాగోలేదని ఆయనకు తెలిసే దారి లేదు. అది ఆయన తప్పు కాదు. ఆ లెక్క కంపెనీ దగ్గర మాత్రమే ఉంటుంది.

నాలుగు నోటీసులు, నాలుగు రకాల తొందర

రీకాల్ అనగానే కొందరు భయపడి బండి అమ్మేద్దామనుకుంటారు. ఇంకొందరు అసలు పట్టించుకోరు. రెండూ సరికావు. నోటీసులో ఏం రాశారో చదివితే ఎంత తొందరపడాలో అర్థమవుతుంది. మన రోడ్ల మీద మారుతీ బండ్లు ఎక్కువ కాబట్టి ఆ కంపెనీ ఉదాహరణలే తీసుకుంటాను.

2020 నవంబరులో 40,453 ఈకో బండ్లను పిలిచారు. కారణం హెడ్‌ల్యాంపు మీద ఉండాల్సిన ప్రామాణిక గుర్తు లేకపోవడం. ఇది నిబంధనకు సంబంధించిన లోటు. వీలు చూసుకుని వెళ్లొచ్చు.

2021 సెప్టెంబరులో సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్‌-క్రాస్, ఎక్స్‌ఎల్‌6 పెట్రోలు బండ్లు 1,81,754 పిలిచారు. 2018 మే 4 నుంచి 2020 అక్టోబరు 27 దాకా తయారైనవి. లోపం మోటార్ జనరేటర్ యూనిట్‌లో. భాగం మార్చేదాకా నీళ్లు నిలిచిన చోట నడపొద్దనీ, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టొద్దనీ చెప్పారు. మంజీర పొంగినప్పుడు, వాగులు రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఎదురుగా ఉన్న నీటిలోకి బండి దింపే అలవాటు మన వైపు ఎంత ఉందో తెలిసినవాళ్లకు ఆ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. ఎర్టిగాలు మన దగ్గర కిరాయికి తిరిగే బండ్లు. దాన్ని నడిపే కుర్రాడికి ఆ వాక్యం ఎవరు చదివి చెప్పారు?

2023 జనవరిలో ఆల్టో కే10, బ్రెజా, బలెనో, ఈకో, ఎస్‌-ప్రెసో, గ్రాండ్ విటారా బండ్లు 17,362 పిలిచారు. 2022 డిసెంబరు 8 నుంచి 2023 జనవరి 12 దాకా తయారైనవి. ఎయిర్‌బ్యాగు కంట్రోలర్‌లో లోపం. దీనికి మాత్రం కంపెనీ గట్టిగా చెప్పింది: భాగం మార్చేదాకా బండి వాడొద్దు. ఇలాంటి నోటీసు వచ్చినప్పుడు "పెళ్లి పనులు అయ్యాక పోదాం" అనడానికి లేదు. కంపెనీకి ఫోన్ చేసి, బండి తీసుకెళ్లే ఏర్పాటు వాళ్లే చేస్తారా అని అడగండి. అడిగితే చాలాచోట్ల చేస్తారు.

ఇక నాలుగోది. దీని దగ్గర కాసేపు ఆగాలి. 2023 జులైలో ఎస్‌-ప్రెసో, ఈకో బండ్లు 87,599 పిలిచారు. 2021 జులై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 దాకా తయారైనవి. లోపం స్టీరింగ్ టై రాడ్‌లోని ఒక భాగంలో. అరుదుగా అది విరిగే అవకాశం ఉందనీ, విరిగితే స్టీరింగ్ మీద పట్టు దెబ్బతింటుందనీ కంపెనీ చెప్పింది. టై రాడ్ అంటే మీరు స్టీరింగ్ తిప్పిన తిప్పును ముందు చక్రానికి అందించే కడ్డీ. అది విరిగితే స్టీరింగ్ మీ చేతిలో ఉంటుంది, చక్రం మీ మాట వినదు.

ఈకో ఎవరి దగ్గర ఉంటుందో ఒకసారి ఆలోచించండి. బిచ్కుంద, మద్నూర్, జుక్కల్, పిట్లం చుట్టుపక్కల పిల్లలను బడికి తీసుకెళ్లే బండి అది. పేషెంట్లను నిజామాబాద్ తీసుకెళ్లేది, కూలీలను చేనుకు చేర్చేది, కూరగాయల బుట్టలు వేసుకుని మార్కెట్‌కు పోయేది అదే. పట్నంలో ఆఫీసుకు పోయే కారులో ఒక్కరుంటారు. ఊళ్లో ఈకోలో ఎంతమంది కూర్చుంటారో మనకు తెలుసు. దాని మీద పడే బరువు ఎక్కువ, అది తిరిగే రోడ్డు గతుకులది, దాని యజమాని షోరూం గడప తొక్కేది తక్కువ. ఫ్రీ సర్వీసులు అయిపోగానే బండి షెడ్డుకు మారుతుంది. అంటే ఆ రీకాల్ ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో, కబురు అందరికంటే తక్కువగా చేరేది వాళ్లకే. మీ పిల్లలు బడికి వెళ్లే వ్యాను ఈకో అయితే, అది ఆ తేదీల మధ్య తయారైనదైతే, డ్రైవరును కూర్చోబెట్టుకుని చాసిస్ నంబరు తీసి చూడండి. ఆయన మీద అనుమానంతో కాదు, ఆయన ప్రాణం కూడా అందులోనే ఉంది. బడి యాజమాన్యం అన్ని వ్యాన్ల నంబర్లూ ఒక్క రోజు కూర్చుని చూడగలదు. తల్లిదండ్రులు అడిగితే తప్పకుండా కదులుతారు.

ఇంకొకటి. "షెడ్డుల టై రాడ్ మార్పించిన, ఇంక ఫికర్ లేదు" అనుకోవద్దు. టై రాడ్‌లో ఏ ముక్క మార్చారో, అది ఎక్కడి సరుకో షోరూంలో చూపించండి. ఒక్కోసారి లోపమున్న భాగం కొత్తగా కొన్న విడిభాగం రూపంలోనూ బండిలోకి వస్తుంది. 2024 అక్టోబరులో హోండా 90 వేలకు పైగా పాత కార్లను ఫ్యూయల్ పంపు కోసం పిలిచింది. ఆ పంపు పాడైతే ఇంజన్ నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చు, లేదా అసలు స్టార్టు కాకపోవచ్చు. ఆ పిలుపులో తర్వాతెప్పుడో రిపేరులో అదే పంపు వేయించుకున్న బండ్లూ ఉన్నాయి. కౌంటరు మీద విడిగా పంపు కొనుక్కున్నవాళ్లూ చూపించుకోవాలని కంపెనీ చెప్పింది.

పదిహేడు అక్షరాలు

చూసుకునే పద్ధతి ఇది. ఆర్సీ తీయండి. కార్డు మీద చాసిస్ నంబరు ఉంటుంది, పక్కనే తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, తయారైన నెల చూడాలి. డిసెంబరులో తయారై మార్చిలో రిజిస్టరైన బండ్లు చాలా ఉంటాయి, రీకాల్ నోటీసులన్నీ తయారీ తేదీ ప్రకారమే వస్తాయి.

చాసిస్ నంబరులో అంకెలూ ఇంగ్లిషు అక్షరాలూ కలిపి మొత్తం పదిహేడు. మారుతీ బండ్లలో చాలావాటిది ఎంఏ3తో మొదలవుతుంది, తర్వాత పద్నాలుగు. కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కించండి. పదహారే వస్తే ఎక్కడో ఒకటి తప్పింది. ఈ నంబరులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అసలు వాడరు. అందుకే గుండ్రంగా కనిపించింది ఏదైనా సున్నానే అనుకోండి, నిలువు గీత కనిపిస్తే ఒకటి. పాత కార్డు అరిగిపోయి ఎనిమిదికీ బీకీ, ఐదుకీ ఎస్‌కీ తేడా తెలియకపోతే ఇన్సూరెన్స్ కాగితం మీద అదే నంబరు ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అదీ కుదరకపోతే బండి మీదే చూడాలి. ఇంజన్ గదిలో వెనక గోడ మీదనో, ముందు సీటు కింద కార్పెట్ ఎత్తితే కనిపించే రేకు మీదనో చెక్కి ఉంటుంది. ఎక్కడ ఉందో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. నంబరు మీద మట్టి ఉంటే గుడ్డతో తుడవండి, గీకవద్దు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఈ పని తప్పకుండా చేయాలి. రీకాల్ కోసం మొదలుపెట్టినా, ఆర్సీ మీది నంబరూ బండి మీది నంబరూ ఒకటేనా అన్నది కూడా అప్పుడే తేలిపోతుంది. ఒకటి కాకపోతే బేరం అక్కడే ఆపేయండి.

నంబరు చేతిలో ఉంటే మిగతాది సులువు. పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో రీకాల్ చూసుకునే చోటు ఉంటుంది, చాసిస్ నంబరు కొడితే మీ బండి ఉందో లేదో చెబుతుంది. మారుతీ సైట్లో ముఖ్యమైన కస్టమర్ సమాచారం అనే భాగంలో ఉంటుంది. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలుంటే ఐదు నిమిషాల పని. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి మాత్రం చూడొద్దు, కంపెనీ పేరు మీరే కొట్టి వెళ్లండి. "మీ బండి రీకాల్ అయింది, ఓటీపీ చెప్పండి, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం. రీకాల్‌కు డబ్బు అడగరు, ఓటీపీతో డబ్బు లాగే పని అందులో ఉండదు.

నెట్ చూడటం రాకపోతే షోరూం సర్వీసు విభాగానికి ఫోన్ చేయండి. మాట ఇంతే సరిపోతుంది: "అన్నా, నాది సెకండ్ హ్యాండ్ల కొన్న బండి. చాసిస్ నంబరు చెప్త, రాసుకోండ్రి. దీని మీద రీకాల్ గానీ సర్వీస్ క్యాంపెయిన్ గానీ ఏమన్న పెండింగ్ ఉందా, కంప్యూటర్ల చూసి చెప్పుండ్రి." ఆ సర్వీస్ క్యాంపెయిన్ అన్న మాట కూడా తప్పకుండా అనండి. కొన్ని కంపెనీలు చిన్న లోపాలను రీకాల్ అని ప్రకటించకుండా ఆ పేరుతో సరిచేస్తాయి, మీరు అడిగితేనే బయటికి వస్తుంది. ఫోన్ పెట్టేముందు ఇంకొకటి అడగండి: "భాగం మీ దగ్గర వచ్చిందా?" బిచ్కుంద నుంచి కామారెడ్డికో నిజామాబాద్‌కో ఒక పూట పని మానుకుని వెళ్లాక "పార్టు ఇంకా రాలేదు, వచ్చే వారం రండి" అంటే ఆ మనిషి మళ్లీ వెళ్లడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆ తిప్పలు తప్పుతాయి.

షోరూంలో

జాబ్ కార్డు రాసేటప్పుడు రీకాల్ పనిని విడిగా రాయించండి. బండి లోపలికి వెళ్లాక ఆయిల్ మార్చాలి, బ్రేకులు పోయాయి, ఏసీ కడగాలి అని జాబితా వస్తుంది. అందులో నిజంగా అవసరమైనవి ఉండొచ్చు, చేయించుకోవడం మీ ఇష్టం. కానీ వాటికీ రీకాల్‌కూ సంబంధం లేదు. "పెయిడ్ సర్వీసు చేయిస్తేనే రీకాల్ చేస్తాం" అంటే ఒప్పుకోవద్దు. మొదటి యజమాని కాకపోయినా, సర్వీసులన్నీ బయట షెడ్డులో చేయించినా, వారంటీ ఎప్పుడో అయిపోయినా రీకాల్ పని ఉచితమే. పిలుపు బండికి వచ్చింది, దాని యజమాని ఎన్నోవాడన్న లెక్క అందులో లేదు.

పని అయ్యాక సున్నా రూపాయల బిల్లయినా సరే అడిగి తీసుకోండి. దాని మీద రీకాల్ పేరు, మార్చిన భాగం, తేదీ ఉండాలి. "చూశాం, బాగుంది, మార్చనక్కర లేదు" అంటే అదే మాట రాసి ఇమ్మనండి. వెళ్లిన రోజే మీ పేరు, మీ ఫోన్ నంబరు వాళ్ల కంప్యూటర్లో ఎక్కించమనండి. మొదటి యజమాని నంబరు తీసేసి మీది పెడితే రేపు ఇంకో పిలుపు వచ్చినప్పుడు మీ ఫోన్ మోగుతుంది.

పాత బండి సంగతి

2012 జులై నుంచి మన దేశంలో కంపెనీలు తమ సంఘం సియామ్ పెట్టుకున్న నియమావళి ప్రకారం స్వచ్ఛందంగా రీకాల్ చేసేవి. చట్టంలో బలం 2019 మోటారు వాహనాల సవరణతో వచ్చింది. దాని సెక్షన్ 110ఏ ప్రకారం లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. కంపెనీ బాగుచేసి ఇవ్వాలి, లేదా బండి మార్చివ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి, జరిమానా కూడా కట్టాలి. తానే లోపం గుర్తించి ముందుగా చెప్పి పిలిపించుకుంటే జరిమానా ఉండదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల్లో ఆ జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంది.

ఆ నిబంధనలకు ఒక హద్దు ఉంది: తయారై ఏడేళ్లు దాటని బండ్లకే వర్తిస్తాయి. పట్నంలో ఐదారేళ్లు తిరిగాక ఊరికి వచ్చే బండికి ఇక్కడ ఆ రక్షణ ఒకటి రెండేళ్లే మిగులుతుంది. ఇది నాకు సరైన హద్దుగా అనిపించదు. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ ఇచ్చి, ఏడేళ్లకే ఆ బలం తీసేస్తే, నష్టపోయేది చివరి చేతుల్లో ఉన్న పల్లెటూరి యజమాని. అమెరికాలో మొదటిసారి అమ్మిన నాటి నుంచి పదిహేనేళ్ల దాకా రీకాల్ పని ఉచితంగా చేయాలని చట్టం ఉంది.

అయినా పాత బండి ఉన్నవాళ్లు నిరాశపడొద్దు. కంపెనీలు తామంతట తాము ఇంకా పాత బండ్లను కూడా పిలుస్తాయి. పాత హోండా సిటీ, జాజ్, అకార్డ్, సివిక్ ఉన్నవాళ్లు తకాటా పేరు గుర్తుంచుకోవాలి. అది జపాన్ కంపెనీ, ప్రపంచంలో చాలా కంపెనీలకు ఎయిర్‌బ్యాగులు ఇచ్చేది. బ్యాగును ఊదే చిన్న ఇనుప డబ్బాలో అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి ఎండా తేమా తగిలి ఆ మందు చెడిపోతే, గుద్దుకున్నప్పుడు బ్యాగు ఊదాల్సింది పోయి డబ్బానే పగిలి ఇనుప ముక్కలు మనిషి ముఖానికీ మెడకూ తగులుతాయి. అనేక దేశాల్లో మనుషులు చనిపోయారు. ప్రపంచ చరిత్రలోనే అతిపెద్ద రీకాల్ అది. 2017లో తకాటా దివాలా తీసింది. మన దేశంలో హోండా ఒక్క 2018 జనవరిలోనే 2013లో తయారైన 22,834 కార్లను దీనికోసం పిలిచింది, అంతకుముందూ పలుమార్లు పిలిచింది. ఇది కాలం గడిచేకొద్దీ పెరిగే ప్రమాదం. మన ఎండలు మీకు తెలుసు. అలాంటి పాత కారు ఉంటే రేపే ఫోన్ చేయండి.

రీకాల్ కానిదేమిటో కూడా తెలియాలి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన వానకు ఎన్నో బండ్లు మునిగాయి. నీళ్లు పోయి ఇంజన్ పాడైతే అది రీకాల్ కాదు, ఇన్సూరెన్స్ చూసుకోవాలి. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు అరగడం రీకాల్ కాదు. అదే మోడల్ బండ్లు ఉన్న నలుగురికీ ఒకే కష్టం వస్తుంటే మాత్రం అనుమానించాలి.

అలా అనుమానం ఉంటే షోరూంలో నోటిమాటతో సరిపెట్టకుండా జాబ్ కార్డు మీద రాయించండి. ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏమైందో రాసిపెట్టుకోండి, ఫోన్‌తో వీడియో తీసి ఉంచండి. కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో యజమానులు లోపం గురించి ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉంది. ఆ మోడల్ అమ్మకాలను బట్టి నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే విచారణ మొదలవుతుంది, అంటే మీది ఒక్కటే అయినా ఆ లెక్కలో కలుస్తుంది. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం తెలుగులోనూ మాట్లాడుతుంది. అంతటితో తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర లేదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. కారణం తలెత్తిన రెండేళ్ల లోపు వేయాలి.

ఆర్సీ మీ పేరున ఉంటేనే

ఇవన్నీ నడవాలంటే బండి కాగితం మీద కూడా మీదే కావాలి. సంతకాలు పెట్టిన పేరు మార్పిడి ఫారాలు 29, 30 డ్యాష్‌బోర్డులో పెట్టుకుని ఏళ్లకేళ్లు తిరిగేవాళ్లు మన దగ్గర ఎంతోమంది. చలానా పాత యజమానికి పోతుంది, రీకాల్ కబురూ ఆయనకే పోతుంది. కొన్నాయన ముప్పై రోజుల్లో ట్రాన్స్‌ఫర్‌కు పెట్టుకోవాలని చట్టం. నాందేడ్ బండో బీదర్ బండో అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ టాక్సు కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు తప్పించుకోవడానికే చాలామంది వాయిదా వేస్తారు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు వెళ్లిన రోజు ఆ పొదుపు ఎంత నష్టం తెస్తుందో, అనుభవించిన కుటుంబాలు మీ ఊళ్లోనే చెప్పగలవు.

దుబాయి, సౌదీల్లో ఉన్న మన జిల్లా పిల్లలు కూడా అక్కడ సెకండ్ హ్యాండ్ కార్లే నడుపుతారు. ఆ రెండు చోట్లా ప్రభుత్వమే రీకాల్ వెబ్‌సైటు నడుపుతోంది. అమెరికాలో ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో అదే పదిహేడు అక్షరాల నంబరు కొడితే చాలు. వీడియో కాల్ చేసినప్పుడు అడగండి, చూసుకున్నారో లేదో.

చివరగా, మీరు బండి అమ్మే రోజు. ఆర్సీ, ఇన్సూరెన్స్, తాళాలు ఇస్తారు కదా, వాటితో పాటు రీకాల్ చేయించిన జాబ్ కార్డు కూడా ఇవ్వండి. పెండింగ్ ఉంటే చేయించి అమ్మండి, వీలుకాకపోతే ఫలానా పని మిగిలి ఉందని నోటితో చెప్పి కాగితం మీద రాసివ్వండి. పద్నాలుగు రోజుల్లో ఫారం 29 ఆర్టీవో ఆఫీసులో ఇచ్చి రసీదు దాచుకోండి. కొన్నాయన ఫోన్ నంబరు మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఏడాది తర్వాత కంపెనీ నుంచి మీకే ఫోన్ వస్తే, ఆ నంబరు వాళ్లకు చెప్పండి, ఆయనకూ ఒక ఫోన్ కొట్టండి.